పేరు చివర చెప్పాల్సిన శోకం

ఆదివారం ఉదయం ఏడూ పదికి నాతవరం వైపు నుంచి వచ్చిన షేర్ ఆటో మా ఊరి మలుపులో ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాను. నా వెనకే మా వదిన అప్పలనరసమ్మ కూడా ఎక్కింది. వదినంటే మా ఆయనకు అక్క. భర్త పోయినప్పటి నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, మా పక్కింట్లోనే ఉంటోంది. ఆమెకు ఆ రోజు నర్సీపట్నంలో ఏ పనీ లేదు. నన్ను కాపలా కాయడానికే బయల్దేరింది.

"నిన్నెవులు రమ్మన్నారొదినా?" అన్నాను.

"నీ నోరు రమ్మంది. అది ఒంటరిగా తిరుగుతంటే ఎనకాల ఓ మనిసుండాల గదా," అంది.

ఆటోలో వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా ఊరి నుంచి నర్సీపట్నం ముప్పావు గంట ప్రయాణం, మనిషికి ముప్పై రూపాయలు. ఇంత చిన్న ప్రయాణం గురించి రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. మందులకో విత్తనాలకో నెలకు రెండుసార్లు వెళ్ళొచ్చే దారే. ఆ రోజు మాత్రం నా సంచిలో నేను రాసిన కవిత ఉంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు పెట్టిన సాయంత్రం బడిలో నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై మూడేళ్ళు. ఇప్పుడు యాభై తొమ్మిది. పట్నంలో గ్రంథాలయం హాల్లో కవుల సభ పెట్టి, నన్ను కూడా వచ్చి చదవమన్నారు.

ఆ కవిత సంగతి ముందు చెప్పాలి. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి, పోయినవాళ్ళను పేరెత్తకుండా పిలుస్తూ ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. అందరికీ రాదు. నాకు పెళ్ళి కాకముందు నుంచీ వచ్చు. చుట్టుపక్కల ఎవరు పోయినా నాకు కబురు వచ్చేది. చాలా ఏళ్ళ కిందట పెద్ద గాలివానకు మా జీడితోట వేళ్ళతో సహా పడిపోయింది. అక్షరాలు వచ్చాక దాని గురించి రాయాలని కూర్చుంటే, నాకు తెలిసిన దారిలోనే వచ్చింది. పెళ్ళాం మొగుణ్ణి పిలిచి ఏడ్చినట్టు వచ్చింది. "లెగవయ్యా లెగవయ్యా పొద్దెక్కి వొచ్చింది, ఎవరి మీద అలిగినావు" అని మొదలవుతుంది. చివరి మాట దాకా చెట్టు అని గానీ జీడి అని గానీ ఎక్కడా ఉండదు. ఆ చివరి మాటతోనే అది చెట్టని తెలుస్తుంది.

కాగితం మీద ఉన్నన్నాళ్ళూ దానితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఒక పత్రికలో అచ్చయితే మా వదినే ఆ పేజీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. సభలో నోటితో చదవాలి అనేసరికి ఆమెకు ముద్ద దిగలేదు. బతికున్న మనిషికి శోకం పెట్టకూడదు. ఆటకు పెట్టినా, పొరపాటున పెట్టినా అది వెళ్ళి ఆ మనిషినే వెతుక్కుంటుందని మా వాళ్ళ నమ్మకం. మొగుడున్న ఆడది పదిమందిలో "రాజా, ఒరిగిపోయావా" అని ఏడిస్తే, ఆ ఏడుపు తోట దగ్గరికి పోదు. తోట లేదు కదా. మనిషి దగ్గరికి పోతుంది. వాళ్ళ నమ్మకం అని రాస్తున్నాను గానీ, నాదీ అదే. నలభై ఏళ్ళు ఆ కట్టుబాటు తప్పకుండా ఏడ్చాను.

మా ఆయన ఇంట్లో ఉండుంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. తోట పోయిన దగ్గర్నుంచి పక్కూరి సత్తిబాబు వ్యానులో కొండమీది సంతలకు వెళ్తున్నాడు. ఉల్లిపాయలు, ఎండుచేపలు ఎక్కించి తీసుకెళ్ళి, చింతపండు దించుకొస్తారు. ఆ ఆదివారం చింతపల్లి అవతల సంత ఉందని తెల్లవారకుండానే వెళ్ళిపోయాడు. డౌనూరు దాటాక ఘాట్ ఎక్కాలి. ఫోను పలకదు. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది.

వెళ్ళేముందు వాకిట్లో చెప్పులేసుకుంటూ, "నా శోకం బతికుండగా ఇన్నోణ్ణి నానొక్కణ్ణే అవుతాను. బాగా ఏడు," అన్నాడు. వదిన చేతిలో చీపురు తిరగేసి చూపించింది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వే నన్ను పొద్దున్నుంచీ భయపెడుతోంది.

ఆటో తాండవ కాలవ వంతెన దాటింది. రెండు వైపులా ఊడ్పులు. వదిన నా చెవి దగ్గరకు వంగింది.

"సదవొద్దని నాననను. ముందు సెప్పీసి సదువు. బాబూ, ఇది జీడితోట గురించండీ, మా ఆయన గురించి గాదండీ, అని ఓ మాట. నీ నోరేటి అరిగిపోదు గదా?"

"అలా సెప్పకూడదని మేస్టారన్నారొదినా."

"ఘాటెక్కింది మేస్టారి మొగుడా, నీ మొగుడా?"

మాస్టారంటే ఆ సభ పెడుతున్నాయన. తెలుగు చెప్పి రిటైరయ్యారు. వారం కిందట ఫోను చేసి, "సన్యాసమ్మ గారూ, చదివేటప్పుడు చెట్టు సంగతి ముందు బయటపెట్టకండి. కవిత ప్రాణం అందులో ఉంది," అన్నారు. ఆ రోజు సరేనన్నాను. ఆ రోజు ఎండగా ఉంది.

ఎనిమిదికి నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగాం. వాన పట్టుకుంది. ఎదురుగా ఉన్న హోటల్లోకి పరుగెత్తి ఇడ్లీ చెప్పాం. ఆ హోటలు సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఇడ్లీ వేడిగా ఉంటుంది, అల్లం పచ్చడి అడక్కుండానే వేస్తారు. నేను రెండో ఇడ్లీ తుంచుతుండగా పక్క బల్ల దగ్గర ఖాకీ చొక్కాల వాళ్ళిద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఘాట్లో బండేదో దొర్లిపోనాదంట్రా."

"ఏ బండి?"

"తెలీదు. తెల్లారగట్టెల్లిన బండంట. ఎదరొచ్చిన బస్సోడు సెప్పినాడు."

వదిన ఆ బల్ల వైపు తిరిగింది. "బాబూ, వ్యానా? లారీయా?"

"మాకూ తెలీదమ్మా. మీవోళ్ళెవరేనా ఎల్లేరా?"

వదిన తలూపి ఇటు తిరిగింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఆమె తిట్టకపోయేసరికి ప్లేటు పక్కకు నెట్టి సంచిలోంచి ఫోను తీశాను.

మా ఆయనకు ఫోను చేశాను. అందుబాటులో లేరు అని ఆ అమ్మాయి గొంతు చెప్పింది. సత్తిబాబుకు చేశాను. అదే గొంతు. ఎన్నిసార్లు చేసినా ఆ అమ్మాయి ఒకే రాగంలో, తనకేమీ పట్టనట్టు చెబుతుంది. నేనింకా ఏమీ చదవలేదు కదా, ఇంకా నోరు విప్పలేదు కదా అని నాకు నేనే లెక్క చెప్పుకున్నాను. అంతలోనే మొన్న రాత్రి వంటింట్లో సాధన చేసుకుంటూ పైకి చదివిన రెండు లైన్లు గుర్తొచ్చాయి. ఆ సంగతి వదినకు చెప్పలేదు.

కాంప్లెక్సులో విచారణ కౌంటరుకు వెళ్ళాం. లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇక్కడే బస్సు మారతారు. మీలో ఎవరైనా వానాకాలంలో వస్తే ఈ కౌంటర్లో అడిగి గానీ పై బస్సు ఎక్కకండి. లోపలున్నాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "చింతపల్లి బస్సు ఇప్పుడే పంపేమమ్మా. రోడ్డు మూసేస్తే మాకు చెప్తారు. చెప్పలేదంటే తెరిచున్నట్టే," అన్నాడు.

"ఇంటికెలిపోదామొదినా," అన్నాను.

"ఇంటికెల్తే ఫోను బేగి మోగుతాదేటి? నడు. ఆడ కుర్సీలేనా ఉంతాయి."

గ్రంథాలయం హాలు నడిచి పది నిమిషాల దూరం. పదిన్నరకు అన్న సభ పదకొండుకు మొదలైంది. నలభై మంది ఉంటారు. పైన రేకులు, రేకుల మీద వాన. మాస్టారు ఎదురొచ్చారు.

"అయ్యో, తడిసిపోయారేనమ్మా!"

"మేస్టారూ, ముందే సెట్టని సెప్పీసి సదువుతానండి," అన్నాను. ఘాట్ సంగతీ, శోకం సంగతీ గబగబా చెప్పాను.

ఆయన నవ్వలేదు. "మీ భయం నేను కాదనలేనమ్మా. మీ ఇష్టం. కానీ ఒకటి చూడండి. వినేవాళ్ళు ముందు మనిషి కోసం ఏడవాలి. కన్నీళ్ళు వచ్చేశాక అది చెట్టని తెలియాలి. అప్పుడు వాళ్ళు వాటిని వెనక్కి తీసుకోలేరు. మీరు ముందే చెప్పేస్తే, ఎంత ఏడవాలో కొలుచుకుని ఏడుస్తారు," అన్నారు.

ఆ మాట నాకు బాగా అర్థమైంది. నా చేతిలో ఫోను కూడా అలాగే, ఎవరి కోసమో చెప్పకుండా ముందే ఏడిపిస్తోంది.

మొదట ఒక టీచరమ్మ చదివింది. "నేను తాండవ నదిని" అని మొదలుపెట్టి, తనను ఆనకట్ట ఎలా ఆపిందో, పొలాల్లోకి ఎలా తిప్పారో చెప్పుకుంది. వదిన నా మోచేయి పొడిచింది.

"ఆవిడ నదంటే నదేనేటి? ఎవులూ నవ్వరేటి?"

"కవితలో అలా అంటారొదినా. ఆవిడ నోటితో నది మాటాడతాది."

"అయితే ఆవిడ నదని ముందే సెప్పింది గదా. మరి నువ్వూ సెప్పు."

తర్వాత ఒక పెద్దాయన చదివాడు. కబురు తెచ్చిన మనిషి ఇంటి బయట నిలబడి ఉంటాడు. ఏ కబురో చెప్పడు. ప్రతి నాలుగు లైన్లకూ "తలుపు తియ్యి" అంటాడు, అంతే. మొదటిసారి మామూలుగా విన్నాను. మూడోసారికి హాల్లో దగ్గులు ఆగిపోయాయి. నాలుగోసారి ఆయన గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు. ఒకే మాట, ఏమీ మారలేదు. మారింది మేమే. నాకు మా ఇంటి తలుపు కనపడింది. తాళం వేసి ఉంది. దాని ముందు ఎవరో తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నట్టు అనిపించింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడే నా పేరు పిలిచారు.

పన్నెండూ ఇరవై. మైకు ముందు నిలబడ్డాను. లైన్ల కింద వేలు పెట్టుకుంటే గానీ నేను చదవలేను. మొదటి లైను కింద వేలు పెట్టాను. వదిన మూడో వరుసలో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఇది మా జీడితోట గురించండి. గాలివానకి పడిపోయింది. సెట్లేనండి, మనిషి గాదండి," అన్నాను.

ఓహో, చెట్లా అనుకున్నట్టుగా జనం కుర్చీల్లో వెనక్కి వాలారు. నేను చదివాను. "లెగవయ్యా" అన్నచోట వెనక వరుసలో ఇద్దరు చిన్నగా నవ్వారు. వాళ్ళ తప్పు కాదు. పడిపోయిన చెట్టును పట్టుకుని లేవమంటే నవ్వొస్తుంది మరి. "నీ సేతులకి ఊయలేసి బిడ్డల్ని ఊపినాను" అన్నచోట ఒకాయన కొమ్మలు అన్నట్టు పక్కాయనకు చెయ్యి చాపి చూపించాడు. "కడుపులోన దాసుకోడం తెలియనోడివి" అంటే, పండు బయట వేలాడే జీడిగింజ అని వెంటనే పోల్చుకున్నారు. చివరి మాట వచ్చేసరికి దానికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందరికీ తెలిసిన పేరే. చప్పట్లు కొట్టారు, మర్యాదగా. నేను వచ్చి కూర్చున్నాను.

భయం పోతుందనుకున్నాను. పోలేదు. కవిత పోయింది, భయం అలాగే ఉంది.

ఒంటిగంటకు పులిహోర, పెరుగన్నం పొట్లాలు ఇచ్చారు. నేను విప్పలేదు. వదిన విప్పింది గానీ తినలేదు. ఒకటిన్నరకు మళ్ళీ ఫోను చేశాను. మళ్ళీ ఆ అమ్మాయే. మాస్టారు వచ్చి, "వచ్చే సభకూ రండమ్మా," అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. అది ఆయన మంచితనం.

రెండూ పదికి, గ్రంథాలయం వరండాలో వాన తగ్గాలని నిలబడి ఉంటే, తెలియని నంబరు నుంచి ఫోను మోగింది. నేను తీయలేకపోయాను. ఆ పెద్దాయన కవితలో కబురు తెచ్చిన మనిషే అనిపించింది. వదిన నా చేతిలోంచి లాక్కుని, ఏ బటన్ నొక్కాలో తెలియక నా వేలు పట్టుకుని నొక్కించింది.

"ఏటే, నానే. నా ఫోను పలకనేదు." మా ఆయన గొంతు. "సింతపల్లి కొట్లోంచి మాటాడతన్నాను."

"బండి దొర్లిందంట గదా?"

"దొర్లింది కర్రల లారీయే. డ్రైవరు దూకీసినాడు, బాగున్నాడు. దాని ఎనకాలే మేం మూడు గంటలు నిలబడిపోనాం. సంత అయిపోనాది, సరుకు మిగిలిపోనాది. రేపు మజ్జానం దిగుతాం." వెంటనే, "ఏడిసినావా?" అన్నాడు.

"ఏడిసాను. బాగా రానేదు."

"బతికున్నోడి శోకం ఎలాగొస్తాది మరి!" అని నవ్వాడు.

వదిన ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. "ఒరే, నవ్వకు. రేపు దిగినపుడు తలుపు పక్కన కూకోకు. మలుపుల కాడ ఆరన్ కొట్టమను. ఆ సత్తిబాబు గాడు బీడీ కాలుస్తా తోలితే నానొచ్చి పీక నొక్కుతానని సెప్పు." అవతల ఫోను ఎప్పుడో పెట్టేశారు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

మూడు గంటలకు కాంప్లెక్సు పక్కన నాతవరం ఆటో ఎక్కాం. సాయంత్రం అయిదు దాటితే ఈ ఆటోలు తగ్గిపోతాయి, చూసుకోండి. డ్రైవరు పక్కన ఎరువు బస్తా పెట్టుకుని ఒక రైతు కూర్చున్నాడు. మా ఎదురుగా నలభై అయిదేళ్ళ ఆవిడ, ఒళ్ళో కొత్త ప్రెషర్ కుక్కరు అట్టపెట్టె. అంతే జనం. సన్నటి తుంపర.

పట్నం దాటాక వదిన అంది. "నువ్వు సదివితే నాకేటీ రానేదే."

"నువ్వే గదొదినా ముందు సెప్పమన్నావు!"

"నానే అన్నాను. ఎవులు గాదన్నారు?" అంది. "మీ అన్నయ్య పోనపుడు నాకు ఏడుపు రానేదు, గేపకముందా? రాయిలాగ కూకున్నాను. నువ్వొచ్చి ఆయన పేరెత్తనేదు. 'గొడుగు ఇరిగిపోనాది, ఎండ నెత్తి మీదకొచ్చీసింది' అన్నావు. అప్పుడు నా నెత్తి మండింది. అప్పుడొచ్చింది ఏడుపు. పేరెట్టి ఏడిసుంటే ఎవులో పోనట్టుండేది."

వదిన మొగుడికి పెట్టిన ఆ శోకం నాకు గుర్తుంది. అప్పటికి నాకు అక్షరం రాదు. గొడుగు అనాలని ఎవరూ నేర్పలేదు. చావింట్లో పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు గనక ఏదో ఒకటి అనాలి. ఆ ఏదో ఒకటే మనసుకు తగులుతుంది. పొద్దుట మాస్టారు చెప్పిందీ, ఆ పెద్దాయన తలుపు బయట నిలబెట్టిన మనిషీ, టీచరమ్మ నోట్లో మాట్లాడిన నదీ అన్నీ ఆ గొడుగు పనే చేస్తున్నాయని నాకు ఆ ఆటోలో అర్థమైంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. మైకు ముందు మాత్రం దాన్ని నమ్మలేకపోయాను.

"ఇప్పుడు పెట్టు," అంది వదిన.

"ఏటి?"

"శోకం. సదవడం గాదు. ముందేటీ సెప్పకుండా పెట్టు."

"రేపింకా ఘాట్ దిగాలొదినా."

"తెలుసు. నా తమ్ముడు గాడేటి? నువ్వు సెట్టుకే ఏడుస్తన్నావని నాకు తెలుస్తంది. దేముడికి తెలీదేటి? ఆడికీ ముందే సెప్పాలేటి?" అంది. ధైర్యంగానే అంది గానీ నా వైపు చూడలేదు.

సంచిలోంచి కాగితం తీయలేదు. కళ్ళు మూసుకుని, గొంతు కింద నుంచి ఎత్తుకున్నాను.

లెగవయ్యా లెగవయ్యా పొద్దెక్కి వొచ్చింది
ఎవరి మీద అలిగినావు నేల మీదొరిగినావు
నీ నీడలో సద్దిమూట ఇప్పనైన లేదింకా
సలిగాలి ఒంటికి దుప్పటైన లేదు రాజా

డ్రైవరు పాటలు ఆపేశాడు. ఆటో నెమ్మదైంది. కళ్ళు తెరిచి చూస్తే ముందున్న రైతు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చావింటికి వెళ్తున్న వాళ్ళమనుకున్నారు అందరూ. ఆపేయాలనిపించింది. వీళ్ళంతా మా ఆయన పోయాడనుకుంటున్నారు, ఇంతమంది ఒకేసారి అలా అనుకుంటే ఏమవుతుందో అనిపించింది. వదిన నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

నీ సేతులకి ఊయలేసి బిడ్డల్ని ఊపినాను
నీ ఈపుకి ఆనుకోని ఎండలన్ని దాటినాను
ఏరు తెగిన సప్పుడైతే గాలనుకుని పడుకున్నాను
కడుపులోన దాసుకోడం తెలియనోడివి రాజా

కుక్కరు పెట్టె మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్నావిడ ఏడుస్తోంది. ఎవరిని తలుచుకుందో నాకు తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుని ముందుకు వంగింది.

"ఎవరు పోయారమ్మా? మీ ఆయనా?"

వదిన అరచెయ్యి ఎత్తి ఆమెను ఆపింది. "ఆగమ్మా. సెప్తాది. సెప్పనీ."

ఇంకా రెండు లైన్లున్నాయి. రేపు ఘాట్ దిగాల్సింది ఆమె తమ్ముడే. నేను చివరి మాట చేరేదాకా ఆమె ఎత్తిన చెయ్యి దించలేదు.